లేని ఏనుగు

మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీదున్న రెండు గదుల ఆఫీసులోకి ఒక అమ్మాయి తలుపు తట్టకుండానే వచ్చింది. వచ్చి కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడి, వెంట ఎవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కాళ్ళకున్న చెప్పులు ఒక జతవి కావు.

ప్రూఫు గారి కన్ను ముందు ఆ చెప్పుల మీదే పడింది. ముప్ఫై ఒక్కేళ్ళు ముద్రణాలయంలో అచ్చుతప్పులు దిద్దిన మనిషి. ఎక్కడ ఏ తేడా ఉన్నా ఆయన చూపు అక్కడికే పోతుంది. ఆ తేడాకి అర్థమేమిటో మాత్రం ఆయనకి తోచదు. అది డిటెక్టివ్ పని. ఆవిడ ఒకప్పుడు తపాలా శాఖలో, చిరునామా దొరకని ఉత్తరాల విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చిరిగిన కవరూ, చెరిగిన పేరూ చూసి ఉత్తరం ఎవరిదో పట్టేసేది. ఆ ఉద్యోగం మానేశాక మనుషుల్ని పట్టడం మొదలుపెట్టింది. ఆవిడ పక్కన పనిచేయడం మొదలుపెట్టి ఆరేళ్ళయినా, ఇవాళ్టికీ ఆవిడ ఏదైనా కనిపెట్టినప్పుడు ప్రూఫు గారికి ఒళ్ళు జలదరిస్తుంది.

"కూర్చో అమ్మాయ్. ప్రూఫు గారూ, మంచినీళ్ళివ్వండి," అంది డిటెక్టివ్.

ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. "నన్ను రేపో ఎల్లుండో అరెస్టు చేస్తారండీ. దానికి కాదు నా ఏడుపు. శుక్రవారం లోపల తాళం తెరుచుకోకపోతే మా అక్క కొడుకు చేతికి దక్కడేమోనని."

"ఏ తాళం? మొదట్నుంచి చెప్పు."

ఆమె క్యాన్సర్ ఆసుపత్రిలో కంప్యూటర్ల కాపలా పని చేస్తుంది. అక్కడందరూ ఆమెని ఎరలమ్మాయి అంటారు. శనివారం పొద్దున్న రేడియేషన్ విభాగంలో కంప్యూటర్లు తెరిస్తే రోగుల రికార్డులన్నీ తాళం పడి ఉన్నాయి. ఎవరికి ఎంత మోతాదు, ఏ వైపు నుంచి, ఇంకా ఎన్ని విడతలు, అంతా వాటిలోనే ఉంది. అది లేకుండా యంత్రం కింద ఒక్క మనిషిని కూడా పడుకోబెట్టలేరు. నలభై మూడు మంది వైద్యం ఆగిపోయింది. వాళ్ళలో ఆమె అక్క కొడుకు ఒకడు. ఏడేళ్ళవాడు. చెవి వెనక గడ్డ. ముప్ఫై విడతల్లో పంతొమ్మిది అయ్యాయి, పదకొండు మిగిలాయి.

"మధ్యలో వారం మించి ఆపకూడదంటున్నారు, శుక్రవారంతో వారం నిండుతుంది. కొత్తగా స్కాన్లు తీసి, అందరికీ మళ్ళీ లెక్కలు కట్టాలంటే మూడు వారాలట. అప్పటికి గడ్డ మళ్ళీ పుంజుకుంటుందట."

"నీ మీదకెందుకొచ్చింది?"

"నా పేరుతో, నా పాస్‌వర్డుతోనే లోపలికి వెళ్ళి తాళం వేశారు. పైగా బెదిరింపు ఉత్తరంలో నేను పెట్టిన ఎర గుండానే వచ్చామని, నర్సులు ముద్దుగా పిలుచుకునే ఏనుగేదో ఇక లేవదని రాశారు."

డిటెక్టివ్ కళ్ళజోడు సర్దుకుంది. "ఎరంటే ఏమిటో మా ఇద్దరికీ అర్థమయ్యేట్టు చెప్పు."

"దొంగలు పడతారని భయమున్న ఇంటి పక్కన అచ్చం అలాంటిదే ఉత్తుత్తి ఇల్లు కట్టి, దానికి బోడి తాళం వేశాననుకోండి. దొంగ సులువైన దాంట్లోకే దూరతాడు కదా. ఇదివరకు అవి ఖాళీ గదులు. తెలివైనవాడు నాలుగు తలుపులు తెరిస్తే గుట్టు రట్టయ్యేది. నేను లోపల ఏఐ భాషా మోడల్‌ని కూర్చోబెట్టాను. వెనక బ్లాకు అని లేని విభాగం ఒకటి సృష్టించాను. దొంగ ఏది అడిగినా, ఏది తెరిచినా అది అప్పటికప్పుడు కట్టుకథ అల్లి ముందు పెడుతుంది. లేని రోగులు, లేని నర్సులు, వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు రాసుకునే ఉత్తరాలు. దొంగ వాటిలో పడి తిరుగుతుంటే మనం వాడి దారి కనిపెట్టొచ్చు."

"అది అల్లే కథలన్నీ నీకు తెలుసా?"

"తెలియవండీ. అడిగిన కొద్దీ కొత్తవి పుడతాయి. కానీ ఏం చెప్పిందో ప్రతి ముక్కా డైరీలో రాసుకుంటుంది. ఆ డైరీ ఇప్పుడు సిస్టమ్స్ మేనేజర్ దగ్గరుంది. నన్ను ఆ గడప తొక్కనివ్వట్లేదు."

"అసలేదో ఎరేదో ఎంతమందికి తెలుసు?"

"నాతో కలిపి నలుగురికి. సూపరింటెండెంట్ గారు, సిస్టమ్స్ మేనేజర్, కొలతల మాస్టారు. ముగ్గురి గదుల్లోనూ నా పాస్‌వర్డు కొట్టి, ఎర ఎలా ఉంటుందో చూపించి, నమూనా కాగితాలు అచ్చు తీసిచ్చాను." ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "అక్క నాతో మాట్లాడటం మానేసింది మేడమ్. నువ్వే చేశావా అనైనా అడగట్లేదు."

డిటెక్టివ్ లేచి సంచీ భుజాన వేసుకుంది. "నీ దగ్గర ఆ పనికి సంబంధించిన కాగితాలేమున్నా, చిత్తు కాగితాలతో సహా సాయంత్రానికి ఇక్కడ పెట్టు. పనికొస్తుందో రాదో నువ్వు తేల్చకు."

*

రేడియేషన్ విభాగం ముందు హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వైద్యం లేదని తెలిసినా జనం వస్తూనే ఉన్నారు. ఇంట్లో కూర్చోలేక వచ్చి, మూసిన తలుపు ఎదురుగా కూర్చుంటున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒక పెద్దాయన చేతిలో టోకెను పట్టుకునే ఉన్నాడు. దాని మీద శనివారం తారీఖు ఉంది.

అక్క చివరి వరసలో ఉంది. ఒళ్ళో తల పెట్టుకుని పిల్లాడు పడుకున్నాడు. డిటెక్టివ్ ఆమె పక్కన కూర్చుని తనెవరో చెప్పింది.

"మా చెల్లెలు పంపించిందా?" అంది అక్క. "నాకేం తెలీదండీ. అది చేసిందో లేదో కూడా తెలీదు. దాని ముఖం చూస్తే నాకు వీడి ముఖమే గుర్తొస్తోంది. నన్నేం అడక్కండి."

"మీ చెల్లెలి సంగతి అడగను. లోపల బాబు ఒక్కడే పడుకోవాలి కదా, భయపడడా?"

ఎవరూ అడగని సంగతి అడిగినందుకేమో, ఆమె ముఖం కాస్త మెత్తబడింది. "మొదట్లో గుక్కపట్టేవాడు. బయటి నుంచి మైకులో మాట్లాడొచ్చన్నారు. యంత్రం మోగడం మొదలవగానే నేను ఒకట్లు లెక్కపెడతా. నలభై అనేసరికి ఆగిపోయేది. ఆ నలభై కోసం కదలకుండా ఉండేవాడు."

పిల్లాడు కళ్ళు తెరవకుండానే అన్నాడు. "ఇప్పుడు నలభై ఆరు."

"అవును. పోయిన వారం సోమవారం నలభై దాటినా ఆగలేదు. లెక్క తప్పావమ్మా అని నా మీద అలిగాడు. మర్నాడూ అంతే. యంత్రం నడిపే అతన్నడిగితే, లెక్కలు పైనుంచి వస్తాయి, నాకేం తెలుసమ్మా అన్నాడు."

"ఏ యంత్రం?"

"రెండో నంబరు."

"వాటికి మీరెవరైనా ముద్దుపేర్లు పెట్టుకున్నారా?"

అక్క ఆమె వైపు వింతగా చూసింది. "దానికి ముద్దుపేరేమిటండీ. ఒకటో నంబరు, రెండో నంబరు. అంతే."

ప్రూఫు గారు నోటుపుస్తకంలో 'నలభై, నలభై ఆరు' అని రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో ఆయనకి తెలియదు.

*

సూపరింటెండెంట్‌కి మూడు రోజుల గడ్డం పెరిగి ఉంది. ముందు డిటెక్టివ్‌ని పంపించేద్దామనుకున్నాడు. ఆవిడ, "శుక్రవారానికి తాళం తెరిచే దారి మీకేదైనా కనపడుతోందా?" అనేసరికి కుర్చీ చూపించాడు.

"ఏ దారీ లేదమ్మా. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో రోగికి అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ హాల్లోకి వెళ్ళి రేపటికి అయిపోతుందని చెప్తున్నా."

"పాత నకళ్ళు ఉండవా?"

"రోజువారీ నకళ్ళక్కూడా అదే తాళం పడింది. వచ్చే సోమవారం బయటి నుంచి తనిఖీ వాళ్ళొస్తున్నారు. యంత్రాలూ రికార్డులూ పోల్చి చూసి లైసెన్సు పొడిగించాలి. ఏం చూపించను వాళ్ళకి?"

బెదిరింపు ఉత్తరం నకలు ఆవిడ ముందుకి జరిపాడు. ప్రూఫు గారు భుజం మీదుగా వంగి చదివాడు.

'మీ రేడియేషన్ రికార్డులన్నీ మా తాళం కింద ఉన్నాయి. మీరు దాచుకున్న వెనక బ్లాకు గుండానే లోపలికి వచ్చాం. మీ నర్సులు ముద్దుగా పిలుచుకునే ఏనుగు ఇక లేవదు. తాళంచెవి కావాలంటే పెద్ద మొత్తం సిద్ధం చేసుకోండి. పోలీసుల దగ్గరికి వెళితే అన్నీ చెరిపేస్తాం.'

"తప్పులేమైనా ఉన్నాయా ప్రూఫు గారూ?"

"అచ్చుతప్పు ఒక్కటి లేదు మేడమ్. కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది."

"తప్పుంది," అంది డిటెక్టివ్. సూపరింటెండెంట్ వైపు తిరిగింది. "మందుల దుకాణం, బిల్లులు, మిగతా వార్డులు?"

"వాటి జోలికి పోలేదు. అవన్నీ మామూలుగానే నడుస్తున్నాయి."

"ఎర గురించి మీకిచ్చిన నమూనా కాగితాలున్నాయా?"

ఫైల్లోంచి నాలుగు పేజీలు తీసిచ్చాడు. ఎవరో తెరిచి చదివిన గుర్తులేవీ వాటి మీద లేవు.

సిస్టమ్స్ మేనేజర్ గది కింది అంతస్తులో ఉంది. బండ మనిషి, మాట కూడా అంతే. "ఆ ఎర వద్దని మొదట్నుంచీ మొత్తుకున్నా. కోరి కొరివితో తల గోక్కోవడమని రాసి కూడా ఇచ్చా. ఇదిగో నా కాపీ," అంటూ సొరుగులోంచి కాగితాలు విసిరినట్టు పెట్టాడు. వాటి మీద తెల్లచోటు కంటే ఎర్ర సిరా ఎక్కువుంది.

"మీ మాటే నిజమైందన్నమాట. దొంగ ఎర గుండానే వచ్చాడు."

మేనేజర్ తల గోక్కున్నాడు. "అక్కడే నాకు మింగుడు పడట్లేదు. డైరీ నాలుగుసార్లు చదివా. శనివారానికి ముందు ఎనిమిది రోజుల్లో దాంట్లో చీమ కూడా అడుగుపెట్టలేదు. పన్నెండు రోజుల కింద బయటివాడొకడు దూరాడు. వాడు రెండు గంటల సేపు లేని నర్సుతో కబుర్లాడి, ఏమీ దొరక్క పోయాడు."

"ఆ మాట పోలీసులకి చెప్పారా?"

"చెప్పా. డైరీ కూడా ఆ అమ్మాయే చెరిపేసుంటుందన్నారు. చెరిపితే మచ్చ పడుతుందండీ. మచ్చ లేదు. ఆ పిల్లంటే నాకు పడదు, కానీ లేని మచ్చ ఉందని చెప్పలేను కదా."

"ఒకసారి దాంతో మాట్లాడించండి."

మేనేజర్ ఎర తలుపు తెరిచి కీబోర్డు ఆవిడ వైపు తిప్పాడు. డిటెక్టివ్ ఒక వేలితో కొట్టింది. 'ఇవాళ వెనక బ్లాకులో ఎంతమంది ఉన్నారు?'

తెర మీద జవాబు పరుగెత్తుకొచ్చింది. 'ఇరవై ఆరు మందండీ. మీరు కొత్తగా చేరారా? పెద్దమ్మ పొద్దుట్నుంచీ మొరాయిస్తోంది, వరస ఆలస్యమవుతుంది. జాబితా కావాలంటే లోపలి ఫోల్డర్లో ఉంది, తాళం నంబరు నన్నడిగారని ఎవరికీ చెప్పకండి.'

ప్రూఫు గారికి ఒక్క క్షణం ఆ నర్సు మీద జాలేసింది. తర్వాత ఆవిడ లేదని గుర్తొచ్చింది.

"పెద్దమ్మ ఎవరు?" అంది డిటెక్టివ్.

"యంత్రం. దానికా పేరు మోడలే పెట్టింది. పెట్టినరోజు నుంచీ అదే పేరు. ఒకసారి చెప్పింది డైరీలో చూసుకుని, మళ్ళీ మాట మార్చకుండా చెప్తుంది."

"డైరీలో ఏనుగు అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి."

మేనేజర్ వెతికాడు. లేదు.

*

కొలతల మాస్టారు రెండో నంబరు యంత్రం పక్క గదిలో ఒంటరిగా ఉన్నాడు. ప్రతి రోగికీ రేడియేషన్ మోతాదు లెక్క కట్టేది ఆయనే. యాభై ఎనిమిదేళ్ళు. ఆ విభాగంలో పనిచేసే వాళ్ళలో సగం మంది ఆయన శిష్యులే. ఎదురుగా నల్లగా ఆరిపోయిన కంప్యూటర్. అయినా ఆయన దాని ముందే కూర్చుని ఉన్నాడు.

"ఆ పిల్ల అలాంటిది కాదండీ," అన్నాడు ఏమీ అడగకముందే. "పోలీసులకి కూడా అదే చెప్పా. బయటి దొంగలు ఎర గుండా వచ్చారు, దాని ఖర్మ."

"ఎర నమూనా మీకు కూడా ఇచ్చిందట."

"ఇచ్చింది. నవ్వొచ్చింది చూసి. కడుపుకివ్వాల్సిన మోతాదు తలకిచ్చింది ఆ మోడల్. రేడియేషన్ తెలిసిన దొంగైతే ఇట్టే పట్టేస్తాడు. తప్పులన్నీ పెన్సిల్‌తో దిద్ది, ఇది పెట్టుకో తల్లీ అని వెనక్కిచ్చేశా."

"మీ చెయ్యి పడితే తప్పుండదంటారు అందరూ."

ఆయన ఆరిపోయిన తెర మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"రెండో నంబరుకి ఈ మధ్య మరమ్మతేమైనా జరిగిందా?"

"ఏడు వారాల కింద. ఆ తర్వాత అంతా మామూలే."

"పోయిన వారం లెక్కల్లో మార్పేమైనా చేశారా?"

"లేదండీ. ఏ మార్పూ లేదు."

బయటికొచ్చాక ప్రూఫు గారు మెట్ల దగ్గర ఆగిపోయాడు. "మేడమ్, నలభై, నలభై ఆరు..."

"అవును," అంది ఆవిడ. ఆ ముఖంలో గెలుపు లేదు. దుఃఖం ఉంది. "పదండి. ఆ అమ్మాయి కాగితాలు తెచ్చి ఉంటుంది."

ఎరలమ్మాయి ఒక గోనె సంచీ నిండా తెచ్చింది. ప్రూఫు గారు నేల మీద కూర్చుని, కాగితం తర్వాత కాగితం, అక్షరం అక్షరం చదివాడు. దీపాలు పెట్టే వేళకి ఆయన చేతిలో నాలుగు పేజీలు ఆగిపోయాయి. మూడో పేజీ నిండా అంకెల పట్టిక, దాని మీద సన్నని పెన్సిల్ దిద్దుబాట్లు. ఆయన చూస్తున్నది మొదటి పేజీ.

"మేడమ్," అన్నాడు. వేలు పెట్టి చూపించాడు.

డిటెక్టివ్ చదివింది. ఎరలమ్మాయిని అడిగింది. "ఇది ఎరలో పెట్టావా?"

"అంకెలు మాత్రమే తీసుకున్నానండీ. ఉత్తరాలు మోడల్‌తోనే మళ్ళీ రాయించాను. ఈ మొదటి పేజీ నేను సరిగ్గా చూడను కూడా లేదు." ఆమె కాగితం మీదకి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "ఆయన కాదు," అంది. "మేడమ్, ఆయన కాదు. నాకు ఈ ఉద్యోగం వేయించిందే ఆయన."

*

బుధవారం మధ్యాహ్నం రెండింటికి సూపరింటెండెంట్ గదిలో అందరూ కూర్చున్నారు. మేనేజర్, కొలతల మాస్టారు, ఎరలమ్మాయి, ఆమెని చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్న అక్క. తలుపు దగ్గర ఒక పోలీసు అధికారి నిలబడ్డాడు. అరెస్టు చేయాల్సింది ఎవరినో ఇవాళ తేలిపోతుందని చెబితే వచ్చాడు గానీ, తేలేదేముందన్నట్టు ఎరలమ్మాయి వెనకే నిలబడ్డాడు.

డిటెక్టివ్ లేవకుండానే మొదలుపెట్టింది.

"ఇరవై రెండేళ్ళు నేను తిరిగొచ్చిన ఉత్తరాలు చదివాను. ఎంత మొద్దయినా సరే, జవాబు కావాలనుకున్నవాడు తన చిరునామా రాస్తాడు. ఈ బెదిరింపు ఉత్తరంలో పెద్ద మొత్తం అడిగారు. ఎంతో లేదు. ఎక్కడికి పంపాలో లేదు. ఎవరితో మాట్లాడాలో లేదు. అంటే రాసినవాడికి జవాబు అక్కర్లేదు. రికార్డులు మూతపడి ఉండటమే కావాలి. అందుకే బిల్లులూ మందులూ ముట్టుకోలేదు. డబ్బు కోసం వచ్చినవాడు ఆసుపత్రి మొత్తాన్ని మూసేసేవాడు."

"మూతపడితే ఎవరికి లాభం?" అన్నాడు పోలీసు అధికారి.

"చెప్తాను. ముందు ఏనుగు సంగతి. మీ నర్సులు ముద్దుగా పిలుచుకునే ఏనుగు అని రాశారు. ఈ ఆసుపత్రిలో ఏ యంత్రానికీ ముద్దుపేరు లేదు. ఇది ఎరలోంచి వచ్చిన మాట అనిపించాలని రాశారు. కానీ ఎరలో ఉన్న యంత్రం పేరు పెద్దమ్మ. పెట్టినరోజు నుంచీ అదే. డైరీలో ఏనుగు లేదు. ఆ ఎనిమిది రోజుల్లో ఎవరూ ఎరలోకి వెళ్ళలేదు కూడా. మేనేజర్ గారు నిజాయితీగా చెప్పారు."

మేనేజర్ ఇబ్బందిగా కదిలాడు.

"మరి ఏనుగు ఎక్కడిది? ఈ అమ్మాయి ముగ్గురికి మూడు నమూనాలిచ్చింది. ఒకే నమూనాకి మూడు నకళ్ళు కావవి. ఎవరి గదిలో వాళ్ళకి మోడల్ చేత అప్పటికప్పుడు రాయించి అచ్చు తీసింది. అప్పటికింకా డైరీ లేదు, చూసుకోవడానికి డైరీ లేకపోతే ఆ మోడల్ ఒకే కథని రెండుసార్లు ఒకేలా చెప్పదు. సూపరింటెండెంట్ గారి కాగితాల్లో యంత్రం పేరు తాతయ్య. మేనేజర్ గారి కాగితాల్లో పేరే లేదు, పాత యంత్రం అని మాత్రం ఉంది. మూడో దాంట్లో," ఆవిడ నాలుగు పేజీలు బల్ల మీద పరిచింది, "నర్సు రాసిన ఉత్తరంలో, మా ఏనుగు ఇవాళ లేవనంటోంది అని ఉంది. ఇవే పేజీల్లో అంకెలు పెన్సిల్‌తో దిద్ది ఉన్నాయి. మాస్టారూ, ఈ పెన్సిల్ మీదే కదా?"

కొలతల మాస్టారు కాగితాల వైపు చూడలేదు. తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు.

"మీరు ఇంత శ్రద్ధగా దిద్దిచ్చారు కాబట్టి, ఆమె వీటినే ఎరలో పెట్టి ఉంటుందనుకున్నారు. ఆ నమ్మకంతోనే దొంగ ఎర గుండా వచ్చినట్టు రాశారు. పాస్‌వర్డు ఆమె మీ కంప్యూటర్ మీద మీ ఎదురుగానే కొట్టింది. ఇంత చదువుకున్న మనిషి ఎందుకు చేశాడా అని నేను కూడా ఒక రోజంతా అనుకున్నాను. ఈవిడ చెప్పిన ఒక్క మాట లేకపోతే తెలిసేది కాదు." అక్క వైపు తిరిగింది. "అమ్మా, మీ అబ్బాయికి ఎంత దాకా లెక్కపెట్టేవారు?"

అక్క కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగింది. "నలభై. పోయిన వారం నుంచి నలభై ఆరు."

సూపరింటెండెంట్ ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆయన డాక్టరు. మిగతా వాళ్ళ కంటే ముందు అర్థమైంది.

"మరమ్మతు తర్వాత రెండో నంబరు తక్కువ మోతాదు ఇస్తూ వచ్చింది," అంది డిటెక్టివ్. "పోయిన వారం మాస్టారు అది కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా యంత్రం మోగే సేపు పెంచి సరిచేశారు. కానీ అంతకు ముందు ఆరు వారాల రికార్డు అలాగే ఉంది. వచ్చే సోమవారం తనిఖీ వాళ్ళొచ్చి పోల్చి చూస్తే బయటపడుతుంది. అదీ మూతపడితే లాభం."

ముందుగా మాట్లాడింది మాస్టారే. పాఠం చెప్పినట్టు, తడబడకుండా చెప్పాడు.

"మరమ్మతు అయ్యాక యంత్రాన్ని మళ్ళీ కొలిచాను. కొత్త అంకె రాయాల్సిన చోట పాత అంకె ఉంచేశాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి. పంతొమ్మిది మందికి మోతాదు తగ్గింది. శనివారం మూసేసి, పాత లెక్కలు దిద్ది, మొన్న సోమవారానికి తాళంచెవి దొరికిందని తెరిచేద్దామనుకున్నాను. రెండు రోజులేగా అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా పోలీసులు కంప్యూటర్లు సీలు చేశారు. ఇక తెరిచే దారి లేకపోయింది."

"తాళంచెవి మీ దగ్గరుంది కదా మాస్టారూ," అంది ఎరలమ్మాయి. "హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. రోజూ వాళ్ళని దాటుకునే కదా మీ గదికి వెళ్ళారు. ఎవరి పేరూ లేకుండా ఒక చీటీ మీద రాసి తలుపు కింద తోసినా అయిపోయేది కదా."

"రాశానమ్మా. ఆదివారం రాశాను. తోయలేకపోయాను."

"నా పేరెందుకు వాడారు?"

"ఎర మీదకి పోతుందనుకున్నాను. మనిషి మీదకి రాదనుకున్నాను."

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మూడు వరసల అక్షరాలూ అంకెలూ, సన్నని పెన్సిల్ రాత. మేనేజర్ దాన్ని లాక్కున్నట్టే తీసుకుని కింది అంతస్తుకి పరుగెత్తాడు. పోలీసు అధికారి ఎరలమ్మాయి వెనక నుంచి నడిచి మాస్టారి పక్కకి వచ్చాడు.

పావుగంటలో ఫోను మోగింది. రికార్డులు తెరుచుకున్నాయి. సూపరింటెండెంట్ ఫోను పెట్టేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్క ఊరి ఆసుపత్రి నుంచి కొలతలు చూసే మనిషిని అప్పుడే పిలిపించాడు. రేపు పొద్దున్న యంత్రాలు మొదలవుతాయి. పంతొమ్మిది మందినీ పిలిచి ఆయనే చెప్పాలి. వాళ్ళలో నలుగురికి వైద్యం పూర్తయిందని చెప్పి, స్వీట్లు పంచుకుంటుంటే చూసి, ఇళ్ళకి పంపించేశారు. వాళ్ళ చిరునామాలు వెతకమని గుమాస్తాకి చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

అక్క లేచి చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. పక్కనే నిలబడి, ఆమె భుజం మీద ముఖం ఆనించింది. ఎరలమ్మాయి నాలుగు రోజుల్లో మొదటిసారి ఏడ్చింది.

ప్రూఫు గారు కాగితాలు సర్దుతున్నాడు. ప్రతి కేసు చివరా ఆయనకి డిటెక్టివ్ వైపు చూసి ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. ఇవాళ తల ఎత్తకుండా సర్దుతూనే ఉన్నాడు. ఆవిడ కూడా ఆయన వైపు చూడలేదు. పెన్సిల్ దిద్దుబాట్లున్న మూడో పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ పట్టికలో ఒక్క తప్పు లేదు.

మాస్టారిని తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర అక్క అడ్డం వచ్చింది. పోలీసు అధికారి ఏదో అనబోయి మానేశాడు.

"మా వాడికి ఎంత తక్కువైంది?" అంది.

ఆయన ఆలోచించుకోనక్కర్లేకపోయింది. "పద్నాలుగు విడతలమ్మా. ఒక్కోసారి దాదాపు ఎనిమిదో వంతు తక్కువ."

"అవన్నీ నాకు తెలీవు. మొత్తం కలిపితే ఎంత?"

"రెండు విడతలకి కాస్త తక్కువ."

"అంటే ఇంకో రెండు రోజులు తీసుకొస్తే సరిపోయేదా?"

"డాక్టరు చూసి చెప్పాలి. కానీ... అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"పోయిన వారం ఈ మాట చెప్పి ఉంటే తీసుకొచ్చేదాన్ని కదయ్యా. రెండు రోజులు కాదు, రెండు నెలలైనా తీసుకొచ్చేదాన్ని. తప్పు ఒప్పుకున్నందుకు నీకు దండం పెట్టి ఉండేదాన్ని."

పోలీసు అధికారి మాస్టారి మోచేయి పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు.

హాల్లోంచి పిల్లాడు అమ్మని పిలిచాడు. ఆకలేస్తోందన్నాడు. అక్క చీర చెంగుతో ముఖం తుడుచుకుని, "వస్తున్నా నాన్నా," అంటూ చెల్లెలి చెయ్యి పట్టుకుని అటు నడిచింది.